"ఇది ప్లస్సా మైనస్సా?" అని అడిగే పాప గురించి

ప్రశ్న: మా పాప నాలుగో క్లాసు. ఎక్కాలు 15 దాకా గడగడా చెప్తుంది, కూడికలు తీసివేతలు ఎంత పెద్దవిచ్చినా తప్పు పోదు. కానీ స్టేట్మెంట్ లెక్క కనపడితే చాలు, సరిగ్గా చదవకుండానే "అమ్మా ఇది ప్లస్సా మైనస్సా" అంటుంది. మొత్తం అంటే కలపాలి, మిగిలింది అంటే తీసెయ్యాలి, ఎక్కువ అంటే ప్లస్ అని ఒక చార్ట్ రాసి గోడకి అంటించాను. రీజనింగ్ వర్క్‌బుక్ కొని రోజుకి 20 లెక్కలు చేయిస్తున్నాను. రెండు నెలలైంది, బాగవ్వకపోగా ఇప్పుడు పుస్తకం తీస్తేనే ఏడుపు. వాళ్ళ నాన్న "దానికి లెక్కల బుర్ర లేదు, వదిలెయ్" అంటున్నారు. లెక్కలు ఇంకా పెంచాలా? అబాకస్ క్లాసులో చేర్చమంటారా?

సమాధానం: ముందు ఆ చార్ట్ తీసెయ్యండి. కోపం తెచ్చుకోకండి, నేనూ పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తల్లో అచ్చం అలాంటి చార్టే రంగురంగుల స్కెచ్ పెన్నులతో రాసి క్లాసులో పెట్టాను, పిల్లలు వారంలో బట్టీ పట్టేశారు, మార్కులు కూడా కాస్త పెరిగాయి, నాకు భలే గర్వంగా ఉండేది. తర్వాత ఒకరోజు ఈ లెక్క ఇచ్చాను. అక్క దగ్గర 12 స్టిక్కర్లు ఉన్నాయి, అవి తమ్ముడి దగ్గర ఉన్నవాటికంటే 5 ఎక్కువ, తమ్ముడి దగ్గర ఎన్ని ఉన్నాయి? దాదాపు క్లాసంతా 17 అని రాసింది. అక్క దగ్గరే ఎక్కువ ఉన్నాయని లెక్కలోనే చెప్తుంటే తమ్ముడికి 17 ఎలా వచ్చాయిరా అనడిగితే అందరూ బిక్కమొహం వేశారు. అక్కా తమ్ముడూ ఎవరికీ గుర్తే లేరు, అందరికీ కనపడింది ఒక్క "ఎక్కువ" అన్న మాటే. ఆ రోజే చార్ట్ పీకేశాను.

మీ చార్టులో మిగతా మాటలూ అంతే. "రెండు డబ్బాల్లో కలిపి మొత్తం 30 పెన్సిళ్ళు, ఒకదాంట్లో 18 ఉంటే రెండోదాంట్లో ఎన్ని" అంటే మొత్తం అన్న మాట ఉన్నా తీసెయ్యాలి. "కొన్ని గోళీలుంటే 6 ఇచ్చేశాడు, ఇంకా 9 మిగిలాయి, మొదట ఎన్ని ఉండేవి" అంటే మిగిలాయి అని ఉన్నా కలపాలి. ఇలా మాట ఒకవైపు లాగుతూ, చేయాల్సింది ఇంకోవైపు ఉన్న లెక్కల్లో తప్పులు బాగా ఎక్కువ వస్తాయని 1987లో లూయిస్, మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు, పైగా వాళ్ళు లెక్కలిచ్చింది చిన్నపిల్లలకి కాదు, కాలేజీ స్టూడెంట్లకి. మీ పాపకి తొమ్మిదేళ్ళు. కాబట్టి బుర్ర లేదు అన్న మాట మీవారిని ఇంక అనొద్దని చెప్పండి, ముఖ్యంగా పాప వినేటట్టు.

ఇప్పుడు అసలు సంగతి. పాప "ప్లస్సా మైనస్సా" అని అడుగుతోందంటే స్టేట్మెంట్ లెక్క అంటే తనకి అర్థమైంది ఏంటంటే, అందులో రెండు నంబర్లు దాక్కుని ఉంటాయి, వాటిని బయటికి లాగి మధ్యలో సరైన గుర్తు పెట్టాలి, అంతే. మిగతా మాటలన్నీ అడ్డం. ఇది మీ ఒక్క పాప జబ్బు కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో కొందరు చిన్నపిల్లలకి ఒక లెక్క ఇచ్చారు, ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసు ఎంత అని. 97 మంది పిల్లల్లో 76 మంది ఆ నంబర్లతోనే ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. (ఈ కెప్టెన్ వయసు పరాచికం పాతదే, ఫ్లోబేర్ అనే ఫ్రెంచ్ రచయిత 1841లోనే వాళ్ళ చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఇలాంటిది పెట్టి ఏడిపించాడు.) ఆ 76 మంది తెలివితక్కువవాళ్ళు కాదండీ, లెక్కల పీరియడ్‌లో ఇచ్చినదానికి జవాబు ఉండే ఉంటుంది, ఇచ్చిన నంబర్లన్నీ వాడాలి అని మనం వాళ్ళకి నేర్పాం, వాళ్ళు బుద్ధిగా నేర్చుకున్నారు. ఈ కెప్టెన్ లెక్క మీ పాపకీ ఇవ్వండి. 36 అని చెప్తే నవ్వకండి, "అవునా, గొర్రెలకీ కెప్టెన్ వయసుకీ ఏంటి సంబంధం" అని మామూలుగా అడిగి వదిలెయ్యండి. ఆ మాట తన బుర్రలో తిరుగుతుంది. ఇలా జవాబు లేని లెక్క వారానికి ఒకటైనా మధ్యమధ్యలో పడుతుంటే పిల్లలు చదవడం మొదలుపెడతారు, ఎందుకంటే చదవకపోతే పప్పులో కాలేస్తాం అని తెలుస్తుంది కదా.

రోజుకి 20 అన్నారు, అది రెండుకి దించండి, మహా అయితే మూడు. నిజంగానే చెప్తున్నా. 20 లెక్కలు అరగంటలో చెయ్యాలంటే ఆ పిల్లకి ఊహించి గుర్తు పెట్టడం తప్ప వేరే దారి లేదు, మీరు ప్రాక్టీస్ చేయిస్తున్నది ఆ ఊహించడాన్నే. ఇంకోటి, చాలా వర్క్‌బుక్కుల్లో పేజీ పైన "తీసివేత లెక్కలు" అని హెడ్డింగ్ ఉండి కింద పదీ తీసివేతలే ఉంటాయి, అప్పుడింక ఏం చెయ్యాలో ఆలోచించే అవసరమే రాదు, పది కరెక్ట్ చేసినా ఒక్కటీ ఆలోచించి ఉండదు. వేరే వేరే పేజీల నుంచి ఒక్కోటి ఏరి, కలిపేసి, తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి.

ఆ రెండు లెక్కల్లో మొదటిది నంబర్లు లేకుండా ఇవ్వండి. అంటే ఇలా: "బస్సులో కొంతమంది ఉన్నారు. ఒక స్టాపులో కొంతమంది దిగారు, దిగినవాళ్ళకంటే ఎక్కువమంది ఎక్కారు. ఇప్పుడు బస్సులో ముందుకంటే ఎక్కువమంది ఉన్నారా, తక్కువమందా?" ఇందులో లాగడానికి నంబర్లు లేవు, ప్లస్సా మైనస్సా అని అడగడానికి కూడా లేదు, బస్సుని ఊహించుకోవాల్సిందే. వర్క్‌బుక్‌లో లెక్క అయినా సరే, నంబర్ల మీద చిన్న కాగితం ముక్కలు పెట్టి మూసేసి చదివించండి. తర్వాత పుస్తకం మూసేసి "ఏం జరిగిందో నాకు కథలా చెప్పు" అనండి. కథ చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. చెప్పలేకపోతే లెక్క జోలికి వెళ్ళొద్దు, మళ్ళీ చదవమనండి. ఇంకోసారి ప్రశ్న వాక్యం మూసేసి మిగతాది చూపించండి: "లైబ్రరీలో ఒక అరలో 48 పుస్తకాలు, ఇంకో అరలో 36 పుస్తకాలు ఉన్నాయి." దీని మీద ఎన్ని ప్రశ్నలు వెయ్యొచ్చో నువ్వే చెప్పు అనండి. రెండిట్లో కలిపి ఎన్ని, దేంట్లో ఎక్కువ, ఎంత ఎక్కువ, రెండు అరల్లో సమానంగా ఉండాలంటే ఎన్ని జరపాలి. ఆ చివరిది పిల్లలంతట పిల్లలు అడిగితే ఆ రోజు పండగే, ఎందుకంటే తేడా 12 కదా 12 జరిపితే సరిపోతుంది అని మొదట అందరూ అంటారు, జరిపి చూస్తే 36, 48 అయి మళ్ళీ తిరగబడుతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగి "ఓ, 6 చాలు" అంటారు చూడండి, ఆ మొహం చూడాలి.

బొమ్మ సంగతి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే నేను చూసినంతలో పిల్లల్ని ఈ "గుర్తు వెతుకులాట" నుంచి బయటపడేసింది ఇదే. బొమ్మంటే అందమైన బొమ్మ కాదు, అక్కకి జడలు వేసి గౌను రంగులు వేసే బొమ్మ కాదు (అది కూడా వేస్తారు, పావుగంట పడుతుంది, ఒకసారి వెయ్యనివ్వండి), పొడుగు పట్టీలు. సింగపూర్‌లో 1980ల నుంచి ప్రైమరీ స్కూళ్ళలో ఇలా పట్టీలు గీయించడం మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా దేశాలు దాన్ని తీసుకున్నాయి. లెక్క ఇది అనుకోండి: అక్క, తమ్ముడు ఇద్దరి దగ్గర కలిపి 30 స్టిక్కర్లు, అక్క దగ్గర తమ్ముడికంటే 6 ఎక్కువ, ఎవరి దగ్గర ఎన్ని? గుర్తు వెతికే పిల్లలు 30 ని సగం చేసి 15, దానికి 6 కలిపి అక్కకి 21 అంటారు. సరే, అక్కకి 21 అయితే తమ్ముడికి 15, కలిపితే 36 అయింది, ఈ 6 ఎక్కడినుంచి వచ్చాయి అని అడగండి. కొందరు వెంటనే 30 లోంచి 21 తీసేసి తమ్ముడికి 9 అని సర్దేస్తారు, అప్పుడు మొత్తం కుదిరింది గానీ తేడా 12 అయి కూర్చుంది. ఇలా ఒకటి సర్దితే ఇంకోటి చెడిపోవడం వాళ్ళకి కనపడనివ్వండి, తొందరపడి చెప్పెయ్యొద్దు.

అప్పుడు పట్టీ. తమ్ముడికి ఒక పట్టీ గీయమనండి, ఎంత పొడుగు అంటే తెలీదు కదా ఎంతో ఒకంత. దాని కింద అక్కకి అంతే పొడుగు పట్టీ గీసి, దానికి చివర చిన్న ముక్క అతికించి ఆ ముక్క మీద 6 అని రాయమనండి. రెండూ కలిపి 30. ఇప్పుడు మీరు నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ చిన్న ముక్క వేలితో మూసేస్తే రెండు పట్టీలు సమానం అయిపోయాయి, మొత్తం 24 అయింది, ఒక్కోటి 12, అంటే తమ్ముడికి 12, అక్కకి 18. కలిపితే 30, తేడా 6, రెండూ కుదిరాయి. ఈ లెక్కలో ప్లస్సా మైనస్సా అని అడిగితే ఏం చెప్తాం, తీసివేత ఉంది, భాగహారం ఉంది, చివర్లో కూడికా ఉంది. బొమ్మ చూస్తే గుర్తులు వాటంతట అవే వస్తాయి. పట్టీ కూడా అర్థం కాకపోతే ఒక మెట్టు కిందకి దిగండి, 30 గింజలో బటన్లో ఇచ్చి చేత్తో పంచమనండి. ముందు చేతితో, తర్వాత బొమ్మతో, ఆఖర్న అంకెలతో అని 1960ల్లోనే జెరోమ్ బ్రూనర్ అనే సైకాలజిస్టు చెప్పాడు, నాలుగో క్లాసుకి వచ్చాక ఇంకా గింజలేంటి అని నామోషీ పడక్కర్లేదు.

జవాబు వచ్చాక ఏం చేస్తున్నారు? చాలా ఇళ్ళల్లో అమ్మ టిక్ పెడుతుంది, పిల్ల తర్వాతి లెక్కకి పోతుంది. టిక్ పెట్టడం మానేసి "ఇది కథలో కుదురుతుందా చూడు" అని తనకే ఇవ్వండి. 1980ల మొదట్లో అమెరికాలో దేశమంతా పెట్టే పరీక్షలో 13 ఏళ్ళ పిల్లలకి ఒక లెక్క వచ్చింది, ఒక ఆర్మీ బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1128 మందిని తీసుకెళ్ళాలంటే ఎన్ని బస్సులు కావాలి. వందలో దాదాపు 70 మంది భాగహారం తప్పు లేకుండా చేశారు. కానీ 32 బస్సులు అని రాసింది 23 మందే. 29 మంది "31 శేషం 12" అని రాశారు, శేషం 12 బస్సు ఏంటో మరి, ఇంకో 18 మంది 31 అని రాసి ఆ 12 మంది సైనికుల్ని రోడ్డు మీద వదిలేశారు. భాగహారం వచ్చు, బస్సు కనపడలేదు. మీ పాప పరిస్థితీ ఇదే, కాకపోతే నాలుగో క్లాసులోనే మీరు కనిపెట్టారు, అది మంచిదే.

ఇంకో చిన్న పరీక్ష పెట్టండి, దీనికి నిమిషం కూడా పట్టదు. 8 + 4 = ▢ + 5 అని రాసి ఆ డబ్బాలో ఎంతో రాయమనండి. 12 అని రాస్తుందని నేను పందెం కడతా, లేదా 17. అమెరికాలోనే ఒక పరిశోధనలో ఆరో క్లాసు పిల్లలు 145 మందికి ఇదే ఇస్తే సరైన జవాబు 7 అని రాసినవాళ్ళు ఒక్కళ్ళూ లేరు, 1999లో రాశారు ఆ సంగతి. తప్పు ఎక్కడుందంటే ఈక్వల్ గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని వాళ్ళనుకుంటున్నారు, రెండు వైపులా సమానం అని కాదు. మనం ఎప్పుడూ 8 + 4 = అనే రాసిస్తాం కదా మరి. రోజూ ఒకటి రెండు "నిజమా అబద్ధమా" ఇవ్వండి, 12 = 8 + 4 నిజమా, 7 = 7 నిజమా, 6 + 5 = 5 + 6 నిజమా, 38 + 27 = 40 + 25 నిజమా. ఆఖరిది కలపకుండా చెప్పమనండి. "ఇటు 2 పెరిగింది, అటు 2 తగ్గింది, కాబట్టి నిజమే" అన్నదనుకోండి, మీ వర్క్‌బుక్ వాళ్ళు రీజనింగ్ అంటున్నది సరిగ్గా దాన్నే.

రీజనింగ్ అంటే చాలామంది పజిళ్ళనుకుంటారు గానీ ఎందుకు అని చెప్పగలగడమే. "రెండు బేసి సంఖ్యలు కలిపితే ఎప్పుడూ సరి సంఖ్యే వస్తుందా?" 3 + 5, 7 + 9 చేసి వస్తుంది అంటుంది. అన్నిటికీ అలాగే వస్తుందని ఎలా తెలుసు, ఇంకా పెద్దవి ఉన్నాయి కదా అనండి. గింజలు జతలుగా పేరిస్తే బేసి సంఖ్యలో ఒకటి ఒంటరిగా మిగులుతుంది, రెండు బేసి సంఖ్యలు తెస్తే రెండు ఒంటరివి, ఆ రెండూ జత కట్టేస్తాయి. ఇది తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పగలదు, చెప్పించకుండా మీరే చెప్పేస్తే మాత్రం ఇంకో బట్టీ అవుతుంది. పజిల్ కావాలంటే పాతదొకటి ఉంది, చైనాలో పదిహేనువందల ఏళ్ళకి అటూ ఇటూ నాటి లెక్క, కోళ్ళు కుందేళ్ళు కలిపి 35 తలలు, 94 కాళ్ళు, ఏవి ఎన్ని? అన్నీ కోళ్ళే అనుకుంటే 70 కాళ్ళు, ఇంకా 24 మిగిలాయి, ఒక్కో కుందేలుకి రెండేసి ఎక్కువ కాబట్టి 12 కుందేళ్ళు, 23 కోళ్ళు. పాపకి మాత్రం ముందు 8 తలలు, 22 కాళ్ళు ఇవ్వండి, 8 గుండ్రాలు గీసి అన్నిటికీ రెండేసి కాళ్ళు పెట్టమనండి, మిగిలిన 6 కాళ్ళు ఎవరికి పెట్టాలో తనే చూసుకుంటుంది.

మీకో పని కూడా ఉంది, అన్నిటికంటే కష్టమైనది. తను "ప్లస్సా మైనస్సా" అన్నప్పుడు ప్లస్ అనీ మైనస్ అనీ రెండూ చెప్పొద్దు, "నువ్వే ఆలోచించు" అని కసిరినా లాభం లేదు, "ఎవరి దగ్గర ఏమున్నాయి, చెప్పు" అని కథలోకి తీసుకెళ్ళండి. అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసు రూముల్లో రికార్డు చేసి చూస్తే టీచర్లు ప్రశ్న వేసి జవాబు కోసం సుమారు ఒక్క సెకను ఆగుతున్నారంట, 3 సెకన్లు ఆగితేనే పిల్లలు పెద్ద జవాబులు, ఆలోచించిన జవాబులు ఇవ్వడం మొదలుపెట్టారు. మూడు సెకన్లు చెప్పినంత తేలిక కాదు, మనసులో ఒకటి రెండు మూడు అనుకుంటూ కూర్చోండి, చెయ్యి పెన్సిల్ మీదకి పోతుంటే చేతులు కట్టుకోండి. అస్సలు తోచక ఏడుపొస్తుంటే మాత్రం పరీక్ష పెట్టొద్దు, అలాంటిదే ఒక లెక్క మీరు బయటికి మాట్లాడుతూ మొత్తం చేసి చూపించి, తర్వాత నంబర్లు మార్చి తనకివ్వండి. చేసిన లెక్కని చూసి నేర్చుకోవడం దొంగతనం కాదు.

ఒకటి మాత్రం ఈ వారమే చూడండి. లెక్క తను చదవకుండా మీరే చదివి, ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పి చూడండి. అప్పుడు టక్కున చేసేస్తే అడ్డం పడుతున్నది లెక్క కాదు, చదవడమో స్కూలు భాషో అన్నమాట, అప్పుడు చదవడం మీద పని చెయ్యాలి, ఈ పట్టీలవీ తర్వాత. మీరు రాసినదాన్ని బట్టి అంకెల దగ్గర తనకి ఇబ్బంది లేదు, చిన్న అంకెల్లో ఏది పెద్దదో కూడా తెలీక తికమకపడే పిల్లలైతే నిపుణులకి చూపించమనేదాన్ని, మీకా అవసరం కనపడట్లేదు.

అబాకస్ అడిగారు. అది వేగంగా కలపడం, తియ్యడం నేర్పుతుంది, మీ పాపకి ఆ వేగం ఇప్పటికే ఉంది. ఇప్పుడొద్దు. ఆ టైమ్‌లో రెండు లెక్కలు పావుగంట సేపు చేసి, మిగతాది ఆడుకోనివ్వండి.